ఎనిమిది అంగుళాల ఎత్తు



మనలో చాలామందిమి జీవితంలో సగభాగం అసెంబ్లీ షాపుల్లో బల్లల ముందు నిలబడే గడిపాం. ఇప్పుడు కలుసుకున్నా ముందు వచ్చే మాట నడుము నొప్పి గురించే. అందుకే పని సులువుకూ, ఉత్పత్తికీ ఉన్న సంబంధం గురించి నాకు తెలిసిన చరిత్ర నాలుగు మాటల్లో మనవి చేస్తున్నాను.

అమెరికాలో ఫ్రాంక్ గిల్‌బ్రెత్ తాపీపనితో జీవితం మొదలుపెట్టాడు. మేస్త్రీ ప్రతి ఇటుకకూ కాళ్ల దగ్గరికి వంగి లేవడం గమనించాడు. ఇటుకతో పాటు తన ఒంటి బరువును కూడా ప్రతిసారీ ఎత్తుతున్నాడన్నమాట. గోడతో పాటు పైకి జరిగే పరంజా తయారుచేసి, ఇటుకలూ మాలూ చేతికందే ఎత్తున పెట్టించాడు. ఇటుకకు 18 కదలికలు పట్టే పని 5 కదలికలకు తగ్గింది.

ఇక ఫోర్డు కంపెనీ సంగతి. డెట్రాయిట్ దగ్గర హైలాండ్ పార్క్ కర్మాగారంలో 1913లో కదిలే అసెంబ్లీ లైను మొదలైంది. ఇంజనుకు నిప్పురవ్వ అందించే మాగ్నెటోను అంతవరకు ఒక్కడే బిగించేవాడు. సుమారు 20 నిమిషాలు పట్టేది. ఆ పనిని 29 భాగాలుగా పంచితే 13 నిమిషాల 10 సెకన్లకు దిగింది. 1914లో లైను ఎత్తును 8 అంగుళాలు పెంచారు. అంతే, 7 నిమిషాలకు వచ్చింది! వంగడం తప్పితే చేయి ఎంత చురుగ్గా ఆడుతుందో మనకు వేరే చెప్పనక్కరలేదు. తర్వాత ఛాసిస్ లైన్లను కూడా పొడగరులకు 26¾ అంగుళాలు, పొట్టివారికి 24½ అంగుళాల ఎత్తున అమర్చారు. 12 గంటల 28 నిమిషాలు పట్టే ఛాసిస్ బిగింపు 1 గంట 33 నిమిషాల్లో పూర్తయింది.

అయితే మిగిలిన సమయం కార్మికుడికి విశ్రాంతిగా దక్కలేదు. లైను ఆగదు, పొద్దస్తమానం అదే నట్టు, అదే బోల్టు. 1913లో అక్కడ మానేసినవారి స్థానంలో కొత్తవారిని చేర్చుకోవడం 370 శాతానికి చేరింది. అప్పుడుగాని 1914 జనవరిలో పనిదినాన్ని 9 గంటల నుంచి 8 గంటలకు తగ్గించి, కొన్ని షరతులతో రోజుకు 5 డాలర్లు ప్రకటించలేదు.

స్వీడన్‌లో వోల్వో కంపెనీ 1974లో కాల్మార్‌లో మరో దారి తొక్కింది. బృందాలుగా పని, కారును పక్కకు వంచే వాహకాలు. కారు కింద మెడ ఎత్తి పనిచేసే బాధ తగ్గింది. ఆ కర్మాగారం 1994లో మూతపడినా, మనిషికి తగినట్లు పనిని మలచవచ్చునని చూపించింది.

మన దేశంలో 1948 ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్, నిలబడి పనిచేసేవారు వీలు దొరికినప్పుడు కూర్చునేందుకు ఏర్పాట్లుండాలని చెప్పింది. మా షాపులో ఆ స్టూళ్లు ఉండేవి. కూర్చునే వీలే అరుదుగా దొరికేది. బల్ల ఎత్తు చాలకపోతే కాళ్ల కింద చెక్క దిమ్మలు మేమే పెట్టుకునేవాళ్లం.

బల్ల ఎత్తు సరిచేస్తే యాజమాన్యానికీ లాభమే, కార్మికుడికీ లాభమే. లైను వేగం నిర్ణయించేటప్పుడు మాత్రం కార్మికుడి మాట కూడా వినాలి. ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్న మన పిల్లలు కుర్చీ, బల్ల సరిగా లేవని అడగడానికి మొహమాటపడితే, అడగమని మనమే చెప్పాలి. మన నడుములే అందుకు సాక్ష్యం.