గడ్డిని వదిలి కలుపును చంపే మందు

జంషెడ్‌పూర్‌లోని టెల్కో కాలనీ పేరు మీలో కొందరైనా వినే ఉంటారు. 1945లో స్థాపించిన టెల్కో సంస్థ 2003లో టాటా మోటార్స్‌గా పేరు మార్చుకున్నా, కాలనీకి పాత పేరే నిలిచిపోయింది. ఆ నగరంలో తరతరాలుగా తెలుగు కుటుంబాలున్నాయి. వానలు పడగానే అటువంటి పట్టణాల ఖాళీ స్థలాల్లో మొలిచే ఒక తెల్లపూల మొక్కను వారు ఇట్టే గుర్తుపడతారు. మన ఊళ్లలో దాని పేరు వయ్యారిభామ. కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు గాని అది గడ్డి కాదు. పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందిన ద్విదళబీజ మొక్క. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు అవసరమవుతుంది.

దీని పుట్టిల్లు అమెరికా ఖండం. మన దేశంలో 1955లో పుణెలో శాస్త్రజ్ఞుల కంటపడింది. పి.ఎల్. 480 గోధుమలతో వచ్చిందని అందరూ చెప్పుకుంటారు. కాని ఆ చట్టం కింద మనం ఒప్పందం చేసుకున్నది 1956 ఆగస్టులో! అంతకుముందే 1951లోనూ అమెరికా గోధుమలు వచ్చాయి కనుక అనుమానం పూర్తిగా తీరదు. ఎలా వచ్చినా, తాకితే చర్మంపై దద్దుర్లు, పుప్పొడి పీలిస్తే ఆయాసం.

టెల్కో పుట్టిన 1945లోనే 2,4-డి అనే కలుపు మందు అమెరికాలో మార్కెట్లోకి వచ్చింది. దాని పరిశోధన చాలాభాగం రెండో ప్రపంచ యుద్ధకాలంలో రహస్యంగా సాగింది. శత్రువుల పంటలను నాశనం చేయవచ్చా అన్నదీ ఆ పరిశోధనలో ఒక భాగమే. పొలానికి మేలు చేసిన మందు పుట్టుక అదీ!

ఇది విషంలా కాక హార్మోనులా పనిచేస్తుంది. మొక్క పెరుగుదలను నడిపే ఆక్సిన్‌ను పోలి ఉంటుంది. అసలు ఆక్సిన్ మోతాదును మొక్క అదుపులో ఉంచుకోగలదు. ఈ నకిలీని అంత తేలిగ్గా వదిలించుకోలేదు. కాండం మెలికలు తిరిగి, కణజాలం అడ్డదిడ్డంగా ఉబ్బి, ఆహారం మోసే పోషక కణజాలం నలిగిపోతుంది. ఆక్సిన్‌ను అందుకునే గ్రాహక ప్రోటీన్ ఏదో 2005లో గాని తేలలేదు. అంటే అరవై ఏళ్లు చల్లిన తరువాత!

మరి గడ్డి ఎందుకు బతుకుతుంది? దాని సన్నని నిటారు ఆకులపై మందు తక్కువ నిలుస్తుంది. లోపలికి వెళ్లినదాన్ని గడ్డి త్వరగా నిర్వీర్యం చేస్తుంది. పైగా ఏకదళబీజాల కాండంలో అలా ఉబ్బిపోయే విభాజ్య కణావళి ఉండదు. అందుకే వరి, గోధుమ చేలలో ఈ మందు పనికొచ్చింది.

ఇప్పుడు కాలనీ ఇంటి ముందుకు రండి. పచ్చికలో మొలిచిన లేత వయ్యారిభామపై ఈ మందు చల్లితే పచ్చిక మిగులుతుంది. పక్కనే బంతిపూల మడి ఉంటే? బంతిదీ వయ్యారిభామ కుటుంబమే. పొరుగువారి టమాటా అయితే గాలికి కొట్టుకొచ్చిన తుంపరకే ముడుచుకుపోతుంది. మందు చూసేది మొక్క నిర్మాణాన్నే. ఏది కలుపో అది ఎరుగదు.

నేలలోని విత్తనాల మాట వేరు. ఒక్క మొక్క 15,000కు పైగా విత్తనాలు రాల్చగలదు. ఆకుపై చల్లిన మందు వాటినన్నిటినీ చేరదు. పూతకు రాకముందే, చేతి తొడుగులు వేసుకుని వేళ్లతో పెరికితే కొత్త విత్తనాలు పడవు. 1983లో మెక్సికో నుంచి బెంగళూరుకు జైగోగ్రామా అనే పెంకుపురుగునూ తెప్పించారు. వానాకాలంలో అది ఆకులను బాగానే తింటుంది. తరువాత మట్టిలో దూరి నెలల తరబడి నిద్రపోతుంది. ఆలోగా తడి దొరికినచోట వయ్యారిభామ మళ్లీ పూస్తుంది.