సముద్రమధ్యంలో ఒక పల్లె

దక్షిణ అట్లాంటిక్ మహాసముద్రంలో ట్రిస్టన్ డ కున్యా అనే దీవుల సముదాయమొకటి వున్నది. అన్నీ అగ్నిపర్వతాల వలన పుట్టిన దీవులే. తరతరాలుగా జనం కాపురమున్నది మాత్రం పెద్ద దీవిలోని ఒక్క పల్లెలోనే. దానికి ఇరుగుపొరుగనదగిన సెయింట్ హెలీనా 2,400 కిలోమీటర్లకు పైబడిన దూరంలో వున్నది. నేటికీ అక్కడ విమానం దిగే వసతి లేదు. చూడదలచినవారు ముందుగా ద్వీపసభ అనుమతి పొంది, కేప్‌టౌన్‌లో ఓడ ఎక్కి, దాదాపు వారం రోజులు ప్రయాణం చేయవలె. సముద్రం ఉగ్రంగా వుంటే, ఊరు కంటికి కనబడుతున్నా ఒడ్డు చేరడానికి వీలుపడదు.

ఈ కష్టం మొదటినుంచీ వున్నదే. 1506లో హిందూదేశానికి ప్రయాణమైన పోర్చుగీసు నావికుడు ట్రిస్టన్ డ కున్యా ఈ దీవిని చూచినాడు. తన పేరు మిగిల్చినాడే గాని, కాలు మోపలేకపోయినాడు.

1816లో ఆంగ్లేయులు ఇక్కడ సైన్యాన్ని దింపినారు. అప్పుడు నెపోలియన్ సెయింట్ హెలీనాలో బందీ. ఆయనను విడిపించజూచేవారికి ఈ దీవి స్థావరం కారాదన్నది వారి ఉద్దేశాలలో ఒకటి. మరుసటి యేడే సైన్యాన్ని మరలించినారు. కాని విలియం గ్లాస్ అనే స్కాట్లండు సైనికుడు భార్యాబిడ్డలతో అక్కడే నిలిచిపోయినాడు. తోడుగా నిలిచినవారితో కలిసి 1817లో ఒక ఒడంబడిక వ్రాసుకొన్నాడు. పశువులు, సరుకులు అందరికీ సమానం, లాభం సమానం, ఒకరు ఎక్కువ, ఒకరు తక్కువ అనే మాట లేదు. ఇదీ దాని సారాంశం.

తరువాత వచ్చి చేరిన నావికులలో బ్రహ్మచారులు వుండగా, 1827లో సెయింట్ హెలీనా నుంచి అయిదుగురు స్త్రీలు వచ్చి వారిని వివాహమాడినారు. ఓడలు పగిలి వచ్చిన డచ్చివారూ, ఇటలీవారూ ఆ కుటుంబాలలో కలిసిపోయినారు. 1885లో, దారినపోయే ఓడతో సరుకు మార్చుకోవడానికి పడవమీద వెళ్ళిన 15 మంది మగవారు తిరిగి రాలేదు. ఆ చిన్న పల్లెకు అది ఎంతటి దెబ్బయో ఊహించవచ్చు. అయినా పల్లె నిలిచినది.

1961 అక్టోబరులో ఊరి ప్రక్కనే భూమి పగిలి అగ్నిపర్వతం లేచినది. 264 మంది ద్వీపవాసులను ఓడలలో ఇంగ్లండుకు చేర్చినారు. అక్కడ వారికి ఇళ్ళు, ఉద్యోగాలు, జీతాలు లభించినవి. ఇక ఆ రాళ్ళదీవిని మరచిపోతారనుకొన్నవారు లేకపోలేదు. కాని 1962 డిసెంబరులో వోటు తీసుకొనగా, తిరిగి వెళ్ళుదామన్నవారు 148 మంది, వద్దన్నవారు అయిదుగురు! 1963లో అత్యధికులు ఇల్లు చేరినారు.

ఏమున్నది అక్కడ? బంగాళాదుంపల పొలాలు, గొర్రెలు, సముద్రపు రొయ్యలు, విడువని గాలి. అయితే భూమి నేటికీ ఉమ్మడిసొత్తే. ఒక ఇంటివారు అందరినీ మించి పశువులను పెంచరాదన్న కట్టుబాటు వున్నది. ఇంగ్లండులో జీతం దొరికినది గాని, ఈ సమత్వం దొరకలేదు. గ్లాస్ వ్రాసిన ఆ కాగితంలోని మాట నాలుగైదు తరాలు గడిచినా వారి నెత్తురులో వున్నది. అందుకే వారికి ఆ అగ్నిపర్వతపు నీడయే చల్లనినీడ అయినది.