డంబెల్‌లో గంట ఎక్కడుంది?

హిస్టరీలోకి వెళ్లే ముందు మా ఇంట్లో జరిగిన ఒక సంగతి చెప్పాలి. పోయిన సంవత్సరం సెకండ్‌హ్యాండ్‌లో ఒక అడ్జస్టబుల్ డంబెల్ జత కొన్నాను. డయల్ తిప్పితే బరువు మారే రకం. ఓ రోజు పొద్దున్నే ఎత్తుతుంటే చివరి ప్లేటు ఊడి, మా తమ్ముడి దిండు మీద పడింది. వాడు అప్పుడే మొహం కడుక్కోవడానికి లేచి వెళ్లాడు. రెండు నిమిషాలు, అంతే తేడా. అమ్మ ఏమీ అనలేదు. దిండు వైపు చూసింది, నా వైపు చూసింది, వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత దీని గురించి చదవడం మొదలుపెట్టాను. బరువు మారాలి, కానీ ఊడకూడదు. ఇంత చిన్న సమస్యతో జనం వందేళ్లకు పైగా కుస్తీ పడుతున్నారు.

ముందు పేరు సంగతి చూద్దాం. డంబ్ అంటే మూగ, బెల్ అంటే గంట. ఇంగ్లండ్‌లో చర్చి గంటల తాడు లాగడం మంచి కసరత్తు. కానీ రోజూ లాగితే ఊరంతా లేచి కూర్చుంటుంది కదా! అందుకే గంట లేకుండా, లాగడానికి వీలుగా ఒక పరికరం పెట్టుకునేవాళ్లంటారు. 1711లో జోసెఫ్ ఆడిసన్ 'స్పెక్టేటర్' పత్రికలో, తన గది మూలన ఉన్న మూగగంటతో రోజూ పొద్దున గంటసేపు కసరత్తు చేస్తానని రాశాడు. తర్వాత ఆ పేరు చేత్తో పట్టుకునే బరువులకు అంటుకుంది. వస్తువైతే ఇంకా పాతది. ప్రాచీన గ్రీకులు లాంగ్‌జంప్ చేసేటప్పుడు రాతితోనో సీసంతోనో చేసిన బరువులు చేతుల్లో పట్టుకునేవాళ్లు.

మన ఉత్తరాంధ్రలో సంగిడి రాయి ఎత్తే పోటీలు మీలో కొందరు చూసే ఉంటారు. రాయితో చిక్కేంటంటే, దాని బరువు మారదు. ఎత్తగలిగితే ఎత్తుతావు, లేకపోతే లేదు. మధ్యలో మెట్లు లేవు.

ఆ మెట్ల కోసమే 19వ శతాబ్దంలో యూరప్ బలశాలులు లోపల బోలుగా ఉండే ఇనుప గుండ్ల డంబెల్స్ వాడారు. అందులో ఇసుకో, సీసం గుళ్లో పోస్తే బరువు పెరుగుతుంది, తీస్తే తగ్గుతుంది. ఐడియా బాగుంది కానీ, ప్రతిసారీ తూకం వేసుకుంటూ కూర్చోవాలి. స్టేజీ మీద ఇంకో సౌకర్యం కూడా ఉంది లెండి. లోపల ఎంత పోశారో ప్రేక్షకులకు కనపడదు!

అసలు మలుపు 1902లో. అమెరికాలో ఫిలడెల్ఫియాలో అలన్ కాల్వర్ట్ అనే ఆయన మైలో బార్‌బెల్ కంపెనీ పెట్టాడు. మైలో అంటే రోజూ దూడను మోసుకుంటూ, అది ఎద్దయ్యాక కూడా మోశాడని కథలున్న గ్రీకు మల్లయోధుడు. దూడ రోజూ కొంచెం కొంచెం పెరిగింది, ఆయన బలం కూడా అలాగే పెరిగింది. కాల్వర్ట్ అమ్మింది ఆ దూడనే అనుకోండి. సర్కస్ వాళ్ల చేతుల్లో ఉన్న బరువుల్ని, మామూలు మనిషి ఇంట్లో మెల్లమెల్లగా పెంచుకునే వస్తువుగా మార్చాడు. నాకు శాండో కంటే ఈయనే గొప్పగా కనిపిస్తాడు. శాండో పేరు తెలియనివాళ్లు లేరు, కాల్వర్ట్ పేరు మాత్రం ఎవరికీ తెలీదు.

తర్వాత గుండ్లు పోయి బిళ్లలొచ్చాయి. 1990లలో అమెరికాలోనే పవర్‌బ్లాక్ అనే పెట్టెలాంటి డంబెల్ వచ్చింది. పిన్ను ఏ వరుసలో గుచ్చితే అంత బరువు పైకి లేస్తుంది. ఆ తర్వాత డయల్ రకం. బౌఫ్లెక్స్ 552 ఒక్కటే 5 నుంచి 52.5 పౌండ్ల దాకా, అంటే సుమారు 24 కిలోల వరకు మారుతుంది. 2020 లాక్‌డౌన్‌లో జిమ్‌లు మూతపడి, ఇలాంటివి దొరకడమే కష్టమైంది. 2025 జూన్‌లో మాత్రం, ప్లేట్లు ఊడి పడుతున్నాయని అమెరికాలో సుమారు 38 లక్షల బౌఫ్లెక్స్ డంబెల్స్‌ని రీకాల్ చేశారు. ఆ వార్త చదివినప్పుడు నాకు దిండే గుర్తొచ్చింది. నాది వేరే కంపెనీది, అయినా.

ఇప్పుడు నా దగ్గరున్నది పాత పద్ధతిది. మరలున్న ఇనుప రాడ్డు, రెండు వైపులా బిగించే నట్లు. మార్చడానికి నిమిషం పడుతుంది, కానీ ఏది బిగిసిందో ఏది బిగియలేదో కంటికి కనపడుతుంది. కొనేటప్పుడు మొత్తం ఎన్ని కిలోలో చూసి మురిసిపోకండి, అన్నిటికంటే చిన్న ప్లేటు ఎంతో అడగండి. 1.25 కిలోల ప్లేట్లు అటొకటి ఇటొకటి వేస్తే 2.5 కిలోలు పెరుగుతుంది. 5 నుంచి 7.5 అంటే ఒకేసారి సగం బరువు ఎక్కువ. భుజం ఒప్పుకోదు. అర కిలో ప్లేట్లుంటే 6 కిలోలతో సరిపెట్టుకోవచ్చు. విడిగా ప్లేట్లు కొంటే రంధ్రం మీ రాడ్డుకి సరిపోతుందో లేదో చూసుకోండి. డయల్ రకమే కావాలంటే, స్టాండ్ నుంచి తీసిన ప్రతిసారీ నేలకి దగ్గరగా పట్టుకుని అటూ ఇటూ వంచి చూశాకే పైకెత్తండి. కింద పడేయొద్దు, లోపలి లాక్ దెబ్బతింటుంది.

తమ్ముడు ఇప్పుడు హాల్లో పడుకుంటున్నాడు. నేను నట్లు బిగిస్తుంటే అమ్మ వంటింట్లోంచి అడుగుతుంది, "రెండు వైపులా చూశావా?" అని. మళ్లీ చూస్తాను.