ఒక రౌతు, రెండు ఫైళ్లు

క్వీన్స్‌లాండ్ లోతట్టు ప్రాంతంలో బంగారు గనుల చుట్టూ పెరిగిన ఊరు క్లెర్మాంట్. అక్కడ పుట్టిన ఫ్రాంక్ ఫిషర్ 1917 ఆగస్టులో ఆస్ట్రేలియా సైన్యంలో చేరి, 11వ లైట్ హార్స్ రెజిమెంటులో ట్రూపర్ అయ్యాడు. మద్రాసు దండు లెక్కలో చెప్పాలంటే సవారు. సూళ్లూరుపేట వైపు ఫిషర్ పేరు విన్నవాళ్లు ఉండరు గానీ, ఆయన మునిమనుమరాలి పేరు తెలియనివాళ్లు తక్కువ. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో జ్యోతి వెలిగించి, సెప్టెంబరు 25న 400 మీటర్ల పరుగులో స్వర్ణం గెలిచిన క్యాతీ ఫ్రీమన్ ఆమె. అంతకు ఆరు రోజుల ముందే, అదే ఊళ్లో కరణం మల్లీశ్వరి బరువులెత్తి కాంస్యం తెచ్చింది కాబట్టి ఆ సెప్టెంబరు తెలుగువాళ్లకు బాగానే గుర్తుంటుంది.

ఫిషర్ ఆదివాసి. ఆస్ట్రేలియాలో తెల్లజాతి సవారు జీవితాన్ని వెతకడానికి సైన్యం ఫైలు ఒక్కటి చాలు. ఆదివాసి సవారుకు మాత్రం మరో ఫైలు ఉంటుంది. అది ‘ప్రొటెక్టర్’ అనే ప్రభుత్వాధికారి కార్యాలయంలో తయారైనది. ఒకే మనిషిని ఒక ఫైలు సైనికుడంటుంది, రెండోది మైనరు కింద జమ కడుతుంది. ఈ దేశ చరిత్ర కావాలనుకున్నవాళ్లు ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చదవడం మేలు.

ఆరు బ్రిటిష్ వలసలు కలిసి 1901లో ఆస్ట్రేలియా ఒక దేశమైంది. కొత్త పార్లమెంటు ఆ ఏడాదే చేసిన చట్టాల్లో ఒకటి తెల్లవాళ్లు కానివాళ్లను గడప తొక్కనివ్వకుండా చేసింది. చట్టంలో రంగు మాట ఎక్కడా లేదు. ఓడ దిగినవాడికి అధికారి ఏదో ఒక యూరప్ భాషలో 50 మాటలు చదివి వినిపించి రాయమంటాడు. ఏ భాష అన్నది అధికారి ఇష్టం. ఇంగ్లీషు బాగా వచ్చినవాడికి రాని భాషేదో వెతికి పెట్టేవారు. ఈ పరీక్ష 1958 దాకా చట్టంలో ఉంది. 2021 జనగణనలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు దాదాపు 59 వేల మంది తేలిన దేశం ఇదేనంటే నమ్మబుద్ధి కాదు.

అప్పటికే ఇక్కడున్న ఆదివాసులకు వేరే చట్టాలు ఉండేవి. క్వీన్స్‌లాండ్ 1897లో చేసిన చట్టానికి ఆదివాసుల రక్షణ, నల్లమందు అమ్మకాల నియంత్రణ అని పేరు పెట్టారు. పేరులో రక్షణ ఉన్నా చట్టం లోపల కనిపించేది కట్టడే: ఆదివాసిని ఎక్కడ ఉంచాలో, ఎవరి దగ్గర పనికి పెట్టాలో, ఎవర్ని పెళ్లాడనివ్వాలో నిర్ణయించేది ప్రొటెక్టరే. కూలి డబ్బు చాలావరకు చేతికి రాదు. ప్రొటెక్టరు నడిపే ఖాతాలో పడుతుంది. చొక్కా కొనుక్కోవాలన్నా అర్జీ పెట్టుకోవాలి. ఫిషర్ కుటుంబం ఉన్న బరంబా అలా ఆదివాసులను ఉంచిన రిజర్వే. ఇప్పుడు దాని పేరు చెర్బర్గ్.

సైన్యం కూడా మొదట తలుపు మూసే ఉంచింది. 1909లో సవరించిన రక్షణ చట్టం యూరప్ సంతతి కానివాళ్లను సైనిక సేవ నుంచి మినహాయించింది. మినహాయింపు అన్న మర్యాద మాట చాటున జరిగింది నిషేధమే. మొదటి ప్రపంచ యుద్ధం తొలి రెండేళ్లలో ఎందరో ఆదివాసులు వైద్య పరీక్ష దగ్గరే వెనక్కి వెళ్లారు. 1916లో ఫ్రాన్స్ కందకాల్లో వేలమంది పోయారు. నిర్బంధ సైనిక సేవ పెట్టాలని ఆ ఏడాది అక్టోబరులో ప్రభుత్వం ప్రజాభిప్రాయం అడిగితే జనం కాదన్నారు. మనుషులు కరువయ్యాక, 1917లో కొత్త ఉత్తర్వు వచ్చింది: తల్లిదండ్రుల్లో ఒకరు యూరప్ సంతతివారని డాక్టరుకు నమ్మకం కుదిరితే చేర్చుకోవచ్చు. ఫిషర్ చేరింది ఆ తర్వాతే. 11వ రెజిమెంటుకు వెళ్లిన ఒక బలగంలో ఆదివాసులే ఎక్కువ కావడంతో దానికి ‘క్వీన్స్‌లాండ్ బ్లాక్ వాచ్’ అన్న మారుపేరు పడింది.

చేరిన రోజున నింపే కాగితంలో అందరికీ ఒకే గళ్లు: వయసు, వృత్తి, ఎత్తు, బరువు, ఛాతీ ఊపిరి బిగబట్టినప్పుడు ఎంత, వదిలినప్పుడు ఎంత, కళ్ల రంగు, జుట్టు రంగు, మతం, ఒంటి మీద మచ్చలు, దగ్గరి బంధువు పేరు. శరీర ఛాయకు కూడా ఒక గడి ఉంది. జీతంలో మాత్రం ఆ గడి తేడా తేలేదు. సముద్రం దాటిన మామూలు సైనికుడికి రోజుకు ఆరు షిల్లింగులు, అందులో ఒకటి యుద్ధం ముగిశాక చేతికిచ్చేది. అదే పని తెల్లవాడితో సమానంగా చేసి సమానంగా డబ్బు అందుకోవడం బరంబా మనిషికి ఊళ్లో దొరకని మర్యాద. చేరిన కారణాల్లో దీన్ని చిన్నదిగా చూడడం తప్పు.

లైట్ హార్స్ అంటే బల్లేలతో, కత్తులతో దూకే సంప్రదాయ అశ్వికదళం కాదు. గుర్రం మీద వేగంగా పోవడం, దిగి రైఫిల్‌తో కాల్చడం వీళ్ల పద్ధతి. నలుగురు సవార్లు ఒక సెక్షను. కాల్పులకు దిగేటప్పుడు నలుగురిలో ఒకడు నాలుగు గుర్రాల కళ్లేలూ పట్టుకుని మరుగుకు తీసుకుపోతాడు, మిగతా ముగ్గురూ ముందుకు పాకుతారు. అంటే బలగంలో పావు వంతు ఎప్పుడూ గుర్రాలకే సరి. టోపీ మీద ఈమూ పక్షి ఈకలు పెట్టుకోవడం క్వీన్స్‌లాండ్ అలవాటు. 1891లో గొర్రెల ఉన్ని కత్తిరించే కూలీల సమ్మెను అణచడానికి వెళ్లిన గుర్రపు దళం సిపాయిలు దాన్ని మొదలుపెట్టారు. సమ్మె సంగతి మరుగునపడింది, ఈకలు మాత్రం దేశానికి గర్వకారణమయ్యాయి.

గుర్రాల దగ్గరికొస్తే కథ మద్రాసు తీరానికి చేరుతుంది. న్యూ సౌత్ వేల్స్‌లో పెంచిన సవారీ గుర్రాలను వేలర్లు అంటారు. ఎండకు, నీటి కరువుకు తట్టుకుంటాయని వాటికి పేరు. లైట్ హార్స్ పుట్టడానికి చాలా ముందే, 19వ శతాబ్ది మొదటి సగంలోనే, ఇవి ఈస్టిండియా కంపెనీ సైన్యం కోసం ఓడల్లో మద్రాసుకు వచ్చేవి. అప్పటికి అక్కడ రేవు కట్టలేదు. అలల అవతలే ఓడ లంగరు వేయాలి, మనుషులైనా సరుకులైనా కొబ్బరి తాళ్లతో పలకలు కుట్టిన మసులా పడవల్లో ఒడ్డుకు రావాలి. ఆస్ట్రేలియా గుర్రాలను అలా దించుతున్న దృశ్యాన్ని జె.బి. ఈస్ట్ అనే చిత్రకారుడు 1834లో నీటిరంగుల్లో వేశాడు, కట్టుమరాలతో సహా. కొత్త గుర్రాలకు తర్ఫీదు ఇచ్చే డిపో హోసూరులో ఉండేది. మద్రాసు అశ్వికదళంలో గుర్రం సర్కారుది. ఉత్తరాదిన సవారు తన గుర్రాన్ని తానే తెచ్చుకునే సిల్లాదారీ పద్ధతి మద్రాసులో లేదు. అందుకే గుర్రాల కొనుగోలు మద్రాసు ప్రభుత్వానికి నిత్య వ్యవహారమైంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో దాదాపు 1,36,000 ఆస్ట్రేలియా గుర్రాలు సముద్రం దాటాయి. తిరిగొచ్చింది ఒక్కటే. దాని పేరు శాండీ, టర్కీలోని గల్లిపోలి పోరులో గాయపడి చనిపోయిన మేజర్ జనరల్ బ్రిడ్జెస్ గుర్రం. రోగాలు వస్తాయన్న నిబంధన మిగతావాటిని రానివ్వలేదు. సవార్లే తమ గుర్రాలన్నిటినీ కాల్చేశారన్న కథ ఆస్ట్రేలియాలో బాగా చెలామణిలో ఉంది గానీ అది పూర్తి నిజం కాదు. పశ్చిమాసియాలో మిగిలిన గుర్రాల్లో ముసలివీ జబ్బువీ రెండు వేల దాకా ఏరి చంపారు. దాదాపు 11 వేలు అమ్ముడై, ఎక్కువ భాగం ఇండియాలోని బ్రిటిష్ సైన్యానికి చేరాయి.

1917 నుంచి పాలస్తీనాలో లైట్ హార్స్ రెజిమెంట్లన్నీ డెజర్ట్ మౌంటెడ్ కోర్ కింద నడిచాయి. దాని అధిపతి హ్యారీ షావెల్, కోర్ స్థాయి సైన్యానికి సారథ్యం వహించిన మొదటి ఆస్ట్రేలియన్. 1917 అక్టోబరు 31న బీర్షెబా దగ్గర 4వ, 12వ రెజిమెంట్లు సాయంత్రం వేళ చేతుల్లో బాయొనెట్లతో టర్కీ కందకాల మీదికి గుర్రాలు దూకించాయి. 31 మంది చనిపోయారు, ఊరి బావులు దక్కాయి. ఆస్ట్రేలియా పిల్లలు బడిలో చదివేది ఈ దాడి గురించే.

బడి పుస్తకాల్లో కనిపించనిది మరుసటి ఏడాది సంగతి. 1918 నాటికి షావెల్ కింద ఆస్ట్రేలియన్లతో పాటు భారతీయ సవార్లు కూడా పెద్ద సంఖ్యలో చేరారు. అతని 5వ అశ్విక డివిజన్‌లో 15వ ఇంపీరియల్ సర్వీస్ బ్రిగేడు ఒక భాగం. అందులో హైదరాబాదు, మైసూరు, జోధ్‌పూర్ సంస్థానాల లాన్సర్లు ఉండేవారు. వీళ్లలో హైదరాబాదు, మైసూరు లాన్సర్లు 1914లోనే ఈజిప్టుకు వెళ్లి సూయజ్ కాలువ కాపలాలో ఉన్నవాళ్లు. 1918 సెప్టెంబరు 23న జోధ్‌పూర్, మైసూరు సవార్లు బల్లేలతో హైఫా పట్టణాన్ని పట్టుకున్నారు. రెండు రోజుల తర్వాత, 25వ తేదీ తెల్లవారకముందే, ఫిషర్ రెజిమెంటైన 11వ లైట్ హార్స్ గలిలీ సరస్సు ఒడ్డున సెమఖ్ రైల్వే స్టేషను మీద దాడి చేసింది. అప్పటికి వాళ్లకూ కత్తులిచ్చారు. చీకట్లో మెషిన్‌గన్‌లకు ఎదురెళ్లిన ఆ దాడిలో గుర్రాలు కుప్పకూలాయి, స్టేషను గదుల్లో చేతుల పోరు దాకా వచ్చింది. ఢిల్లీ తీన్‌మూర్తిలోని మూడు విగ్రహాలు ఆ మూడు సంస్థానాల సవార్లవి. సెమఖ్‌లో ఆదివాసి సవారు విగ్రహం పెట్టింది మాత్రం 2019లో, నూటొకటో ఏట.

యుద్ధం ముగిసినా 11వ రెజిమెంటు వెంటనే ఇల్లు చేరలేదు. 1919లో ఈజిప్టు జనం బ్రిటిష్ పాలన మీద తిరగబడితే అణచడానికి దాన్ని వాడారు. జూలైలో ఓడెక్కింది. తిరిగొచ్చిన తెల్ల సైనికులకు ప్రభుత్వం వ్యవసాయ భూములిచ్చే పథకం పెట్టింది. ఆదివాసి సైనికుల్లో ఆ భూమి దక్కినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. బరంబా సవార్లు మళ్లీ 1897 చట్టం కిందికే వచ్చారు. సైన్యం ఫైలు విడుదల తేదీతో ముగిసిపోతుంది, ప్రొటెక్టరు ఫైలు మాత్రం ఆగిన చోట నుంచే మళ్లీ మొదలవుతుంది. ఫిషర్ కొడుకు, పేరు ఫ్రాంకే, రగ్బీ లీగ్‌లో ‘కింగ్’ అనిపించుకున్నాడు. 1936లో పర్యటనకొచ్చిన ఇంగ్లండ్ ఆటగాళ్లు ఆయన ఆటను మెచ్చారు. ఇంగ్లండ్ క్లబ్ పిలుపు వచ్చినా వెళ్లడానికి అధికారులు ఒప్పుకోలేదు.

అదే క్లెర్మాంట్‌లో 1886లో పుట్టిన మరో సవారు బిల్లీ సింగ్. పేరు చూసి పంజాబీ అనుకోవద్దు. తండ్రి షాంఘై నుంచి వచ్చినవాడు, తల్లి ఇంగ్లీషావిడ. 1914లోనే 5వ లైట్ హార్స్‌లో చేరి, గుర్రాలు లేకుండా గల్లిపోలి కొండల్లో గురి తప్పని తుపాకీగా పేరు మోశాడు, పతకాలూ అందుకున్నాడు. యుద్ధం తర్వాత భూమి దక్కినా సాగు సాగలేదు. 1943లో బ్రిస్బేన్‌లోని ఒక అద్దె గదిలో ఒంటరిగా పోయాడు. 2010లో ఆయన జీవితం మీద టీవీ సీరియల్ తీస్తే ఆ పాత్ర తెల్ల నటుడికిచ్చారు. చైనా సంతతివాళ్లు గొడవ చేశారు, చేయడం న్యాయమే.

ఇలాంటి జీవితాలు ఇప్పుడు బయటపడుతున్నాయంటే కారణం కాగితాలు తెరుచుకోవడం. మొదటి ప్రపంచ యుద్ధపు సైనికుల వ్యక్తిగత ఫైళ్లు దాదాపు 3,76,000 ఆస్ట్రేలియా జాతీయ అభిలేఖాగారంలో బి2455 అనే వరసలో ఉన్నాయి. అన్నిటినీ స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. పేరు కొడితే నూరేళ్ల కిందటి సంతకం తెర మీదికి వస్తుంది. రెజిమెంట్ల యుద్ధ దినచర్యలు కాన్‌బెరాలోని వార్ మెమోరియల్ ఇలాగే ఇచ్చింది. ఆదివాసి కుటుంబాల రెండో ఫైలు క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం దగ్గర ఉంటుంది. వారసులు అడిగితే వెతికిపెట్టే విభాగం ఉంది. 2008లో ఎస్‌బీఎస్ చానల్ వంశాన్వేషణ కార్యక్రమంలో క్యాతీ ఫ్రీమన్ తన పెద్దల కాగితాల వెంట వెళ్లినప్పుడు దేశమంతా చూసింది. కట్టడి కోసం రాసుకున్న ఖాతాలే కోర్టులో సాక్ష్యమయ్యాయి కూడా: ఆదివాసులకు ఎగ్గొట్టిన కూలి కేసులో 2019లో క్వీన్స్‌లాండ్ 19 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది.

ఏప్రిల్ 25న, సైనికులను స్మరించుకునే యాంజాక్ దినానికి ముందు ఆస్ట్రేలియా బళ్లలో పిల్లల్ని సైనికుల జీవితాలు వెతకమంటారు. నెల్లూరు, సూళ్లూరుపేట మూలాలున్న పిల్లలు ఇంటికొచ్చి మన తాతల్లో సవార్లున్నారా అని అడిగితే జవాబు వెతకడం ఇంత తేలిక కాదు. మద్రాసు నుంచి కలకత్తాకు పోయే దండుబాట మీదే సూళ్లూరుపేట ఉంది. ఆ దండుల్లో చేరిన తెలుగువాళ్లూ ఉన్నారు. కానీ 1857 తర్వాత మద్రాసు అశ్వికదళాన్ని కుదించుతూ పోయారు. 1880లలో మద్రాసు సేనాధిపతిగా ఉన్న రాబర్ట్స్ దక్షిణాది వాళ్లు యుద్ధానికి పనికిరారన్న అభిప్రాయం బలంగా నాటాడు. 1891లో 4వ మద్రాసు అశ్విక రెజిమెంటును రద్దు చేశారు. మిగిలిన మూడింట్లో క్రమంగా ఉత్తరాది వాళ్లను నింపారు. అందుచేత నెల్లూరు తీరంలో గుర్రపు సిపాయి కథ ఉన్న ఇంట్లో వెతకాల్సింది సాధారణంగా 1914 కాదు, అంతకు ముందరి శతాబ్దం.

భారతీయ సవారుకు బి2455 లాంటి వరస లేదు. మద్రాసు సైన్యం వ్యవహారాల కాగితాలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ విభాగంలో ఉన్నాయి. వాటిలో అధికారుల గురించి ఉన్నంతగా సవార్ల గురించి ఉండదు. రెజిమెంటు తెలిస్తేనే దారి దొరుకుతుంది, కాబట్టి ఇంట్లో పింఛను కాగితమో, పతకమో ఉంటే ముందు దాన్ని చూడాలి. పతకం అంచున సాధారణంగా పేరు, దళం చెక్కి ఉంటాయి. హైదరాబాదు లాన్సర్ల కుటుంబాలకు మరో ఆధారం ఉంది. ఈజిప్టు, పాలస్తీనాల్లో చనిపోయిన దాదాపు 4,000 మంది భారతీయ సైనికుల స్మారకం సూయజ్ ఒడ్డున పోర్ట్ తౌఫిక్‌లో ఉండేది. 1967 తర్వాతి యుద్ధాల్లో అది దెబ్బతింటే, 1980లో కైరో శివారు హీలియోపొలిస్ శ్మశానంలో పేర్ల పలకలు కొత్తగా పెట్టారు. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలో ఆ పేర్లు దొరుకుతాయి. ఇంగ్లీషు గుమాస్తా చెవికి ఎలా వినపడితే అలా రాసినవి కాబట్టి ఇంటిపేరుతో కాక రెజిమెంటు పేరుతో వెతికి, తండ్రి పేరుతో, ఊరితో సరిచూసుకోవాలి.