జపాన్ మ్యాన్‌హోల్ మూతలు: చూడాలంటే ప్రయాణం ఎలా?

జపాన్ వెళ్లే పర్యాటకుల్లో కొందరు కోటలు, ఆలయాలతో పాటు వీధుల్లోని మ్యాన్‌హోల్ మూతలనూ వెతుక్కుంటూ తిరుగుతారు. ఆ దేశంలోని 1,700కు పైగా మున్సిపాలిటీల్లో అత్యధిక భాగం తమ ఊరి గుర్తుగా పువ్వునో, పక్షినో, కోటనో ఈ మూతలపై పోత పోయించుకున్నాయి. మురుగునీటి పనులకు ప్రజల మద్దతు కూడగట్టేందుకు మొదలైన ఈ ప్రయత్నం నేడు పర్యాటక ఆకర్షణగా మారింది.

ఎందుకు మొదలైంది?

1980ల తొలినాళ్లలో జపాన్ జనాభాలో దాదాపు మూడో వంతుకే భూగర్భ మురుగునీటి సౌకర్యం ఉండేది. మిగిలిన ప్రాంతాలకు దాన్ని విస్తరించడం భారీ ఖర్చుతో కూడిన పని. రోడ్డు తవ్వి, గొట్టాలు వేసి పూడ్చేశాక పౌరులకు కనిపించేది మూత ఒక్కటే. దీంతో ప్రతి ఊరూ తనకు నచ్చిన బొమ్మతో మూతలు తయారు చేయించుకోవాలని నిర్మాణ మంత్రిత్వశాఖ అధికారి యసుటాకే కామెదా 1985లో సూచించారు. అంతకుముందే, 1977లో, ఒకినావాలోని నాహా నగరం చేపల బొమ్మతో మూతలు వేసింది. ప్రస్తుతం జనాభాలో 80 శాతానికి పైగా మురుగునీటి సౌకర్యం అందుతోంది.

సాధారణంగా మూత వ్యాసం 60 సెంటీమీటర్లు, బరువు సుమారు 40 కిలోలు. బొమ్మలోని ఎత్తుపల్లాలు వానలో వాహనాలు జారకుండా పట్టునిస్తాయి. రంగుల మూతల్లో ఆ పల్లాలను రెజిన్‌తో నింపుతారు. వాహనాలు తిరిగే రోడ్డుపై మూతకు 15 ఏళ్లు, కాలిబాటపై 30 ఏళ్లు ఆయుష్షుగా లెక్కిస్తారు. అందువల్ల పాత ఫొటోలో కనిపించిన మూత ఇప్పుడు అదే చోట ఉండకపోవచ్చు.

ఎక్కడ ఏ బొమ్మ?

తొలిసారి వెళ్లేవారికి టోక్యో నుంచి పశ్చిమంగా సాగే బుల్లెట్ రైలు మార్గం అనుకూలం. టోక్యో మూతలపై చెర్రీ పూలు, నగోయాలో నీటిపై పరుగెత్తే పురుగు, ఒసాకాలో కోట, నారాలో జింకలు, హిరోషిమాలో శాంతికి చిహ్నమైన కాగితపు కొంగలు కనిపిస్తాయి. టోక్యో నుంచి ఒసాకాకు రైలులో సుమారు రెండున్నర గంటలు, అక్కడి నుంచి హిరోషిమాకు సుమారు గంటన్నర పడుతుంది. మరింత సమయం ఉన్నవారు దారపు బంతుల బొమ్మలున్న మత్సుమోతోకు, స్క్విడ్ బొమ్మలున్న హకొదాతెకు వెళ్లవచ్చు. ఉత్తరాన చలికాలంలో మంచు మూతలను కప్పేస్తుంది కాబట్టి ఆ నెలల్లో వెళ్లకపోవడం మేలు.

పోకీమాన్ బొమ్మల మూతలు 2018 డిసెంబరులో కగోషిమా ప్రాంతంలోని ఇబుసుకిలో మొదలయ్యాయి. ఇప్పుడు 300కు పైగా ఉన్న వీటిలో ఏ రెండూ ఒకేలా ఉండవు. అవి ఎక్కడెక్కడ ఉన్నాయో అధికారిక వెబ్‌సైట్‌లోని మ్యాప్ చూపుతుంది.

కార్డుల సేకరణ

2016 ఏప్రిల్ నుంచి ‘మ్యాన్‌హోల్ కార్డులు’ ఉచితంగా ఇస్తున్నారు. వెయ్యికి పైగా రకాలున్న ఈ కార్డుల్లో ఒకవైపు మూత ఫొటో, అది ఉన్న చోటు అక్షాంశ రేఖాంశాలు ఉంటాయి; మరోవైపు ఆ బొమ్మ కథ ఉంటుంది. పోస్టులో పంపరు, ముందుగా రిజర్వ్ చేయరు. స్వయంగా వెళ్లినవారికి ఒక్కొక్కటి చొప్పున ఇస్తారు. పంపిణీ కేంద్రం కొన్నిచోట్ల పర్యాటక సమాచార కార్యాలయం, మరికొన్నిచోట్ల నగరం చివరనున్న నీటి శుద్ధి కేంద్రం. పనివేళలు, సెలవు రోజులు, కార్డుల నిల్వ ముందే చూసుకుని రోజువారీ ప్రణాళిక వేసుకోవాలి.

బయలుదేరే ముందు

భారతీయులకు పర్యాటక వీసా తప్పనిసరి. 2024 ఏప్రిల్ నుంచి ఈ-వీసా అందుబాటులో ఉంది. ఏడు రోజుల జేఆర్ పాస్ ధర 2023 అక్టోబరులో 50,000 యెన్‌లకు పెరిగింది. టోక్యో-హిరోషిమా రానుపోను చార్జీ సుమారు 38,000 యెన్‌లే కాబట్టి ఈ మార్గానికి విడి టికెట్లే చౌక. చాలా మూతలు వాహనాలు తిరిగే దారిలో ఉంటాయి. ఫొటో కోసం రోడ్డు మధ్యలో ఆగకూడదు. ఉదయాన్నే, రద్దీ లేని వేళ వెళ్లడం మంచిది.

మూతల కింది వ్యవస్థకు ఇప్పుడు వయసు మీద పడుతోంది. 2025 జనవరిలో సైతామా ప్రాంతంలోని యాషియోలో మురుగునీటి గొట్టం దెబ్బతిని రోడ్డు కుంగింది. ఆ గుంతలో లారీ పడి డ్రైవర్ మృతిచెందారు. సుమారు 12 లక్షల మందిని నీటి వాడకం తగ్గించాలని అధికారులు కోరారు. కొత్త గొట్టాలు వేసేందుకు 1985లో ప్రజలను ఒప్పించాల్సి వచ్చిన జపాన్‌కు, పాతబడిన గొట్టాలను మార్చేందుకూ ఇప్పుడు అదే మద్దతు అవసరం.