చదరంగం పలకలోంచి పుట్టిన 20 అంకెల సంఖ్య

1,84,46,74,40,73,70,95,51,615. చదరంగంలో 64 గడులుంటాయి కదా. మొదటి గడిలో ఒక గింజ, రెండో దాంట్లో 2, మూడో దాంట్లో 4, ఇలా రెట్టిస్తూ పోతే చివరికి తేలే మొత్తం ఇది. సుమారు 1,84,467 కోట్ల కోట్లు అన్నమాట.

చదరంగం కనిపెట్టిన సిస్సా అనే పండితుడు హిందుస్తాన్ రాజును ఈ ఇనామే అడిగాడని 13వ శతాబ్దపు ఇబ్న్ ఖల్లికాన్ రాశారు. అంతకు చాలా ముందే, క్రీ.శ. 1000 ప్రాంతంలో అల్ బిరూనీ దీన్ని లెక్క కట్టారు. 64 సార్లు కూడుతూ కూర్చోలేదు. ఏ గడిలోనైనా దాని ముందున్న గడులన్నింటి మొత్తం కంటే సరిగ్గా ఒకటి ఎక్కువ ఉంటుంది. కాబట్టి 65వ గడి ఉందనుకుని, దాంట్లోంచి 1 తీసేస్తే చాలు. 5వ గడిలో 16. దాన్ని దాంతోనే గుణిస్తే 9వ గడి, 256. మళ్లీ గుణిస్తే 17వ గడి, 65,536. తర్వాత 33, ఆపైన 65. నాలుగే గుణకారాలు!

ఇదే సంఖ్య తెలుగులోనూ ఉంది. పావులూరి మల్లన పేరుతో చెప్పుకునే పద్యంలో 20 అంకెలూ మాటల్లో దాగి ఉంటాయి. చంద్రుడంటే 1, వేదాలంటే 4, బాణమంటే 5, ఏనుగంటే 8, ఆకాశమంటే సున్నా. కుడి నుంచి ఎడమకు చదువుకోవాలి, మన ఉర్దూ లాగా.

మొదటి గడిలో తప్ప ఎక్కడా బేసి లేదు కాబట్టి మొత్తం బేసి సంఖ్యే. అంకెలన్నీ కూడితే 87, అంటే 3తో తెగుతుంది, 9తో తెగదు. విడగొడితే ఏడు ప్రధాన సంఖ్యలు: 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417. వీటిలో 641ని 1732లో ఆయిలర్ పట్టుకున్నారు. అంతవరకు 641, 67,00,417ల లబ్ధం కూడా ప్రధాన సంఖ్యే అని ఫెర్మా చెప్పిన మాటే నడిచింది.

గ్రాముకు 50 గింజలు అనుకుందాం. సగం పలక, అంటే 32 గడులు నిండడానికి 25 కిలోల కర్నూలు సోనా బస్తాలు 3,436 పడతాయి. ఒక మిల్లు గోడౌన్ సర్దుకుంటుంది. మొత్తం పలకకైతే 36,893 కోట్ల టన్నులు. ప్రపంచమంతా ఇప్పుడు పండించే బియ్యం దాదాపు 700 ఏళ్లు పోయాలి.

రెట్టింపు గింజలతో ఆగదు. నూటికి నెలకు 3 రూపాయల వడ్డీని అసల్లో కలుపుతూ పోతే 24 నెలల్లో బాకీ రెట్టింపు, పదేళ్లకు 34 రెట్లు. రెట్ల మీద రెట్లు పెరిగే వడ్డీ మాట సూరె ఆలె ఇమ్రాన్ 130వ ఆయత్‌లోనే ఉంది.

"ఇద్దరిని చేర్పించు చాచా, డబ్బులు అవే వస్తాయి" అనే స్కీములదీ ఇదే లెక్క. 22వ మెట్టుకు 41,94,303 మంది కావాలి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి కర్నూలు జిల్లా మొత్తం, పసిపిల్లలతో సహా, 40,53,463. కడప జిల్లా అంతకంటే చిన్నది. పైగా బిరూనీ చెప్పిన ఆ ఒకటి ఎక్కువ ఇక్కడా వర్తిస్తుంది. గొలుసు ఏ మెట్టు దగ్గర తెగినా, చేరినవాళ్లలో సగానికి పైగా ఆఖరి మెట్టు మీదే ఉంటారు. వాళ్ల కింద ఎవరూ ఉండరు, కట్టిన డబ్బు తిరిగి రాదు. 1978 నాటి కేంద్ర చట్టం కింద ఇలాంటి స్కీము నడపడమే కాదు, అందులో చేరడం కూడా నేరమే.