నల్లమందు గుట్ట

సింగపూర్ చాంగీ ఎయిర్‌పోర్టులో సామాను తీసుకుని బయటికొచ్చేచోట రెడ్ చానెల్, గ్రీన్ చానెల్ అని రెండు దారులుంటాయి. సుంకం కట్టాల్సిందేమీ లేనివాళ్ళు గ్రీన్‌లోంచి నడిచి వెళ్ళిపోవచ్చు. మందు విషయంలో లెక్క ఇదీ: పద్దెనిమిదేళ్ళు నిండి ఉండాలి, కనీసం 48 గంటలు దేశం బయట గడిపి ఉండాలి, మలేషియా నుంచి రాకూడదు. ఇవన్నీ కుదిరితే రెండు లీటర్ల దాకా సుంకం లేదు, అందులో విస్కీ లాంటిది ఒక్క లీటరుకు మించకూడదు. సిగరెట్లకు 1991 నుంచి ఏ మినహాయింపూ లేదు. జేబులో సగం ఖాళీ అయిన పెట్టె ఉన్నా సరే, రెడ్ చానెల్‌కి వెళ్ళి చెప్పుకోవాల్సిందే.

తమాషా ఏంటంటే, ఈ ఊరు పేరు తెచ్చుకున్నదే సుంకం లేని రేవుగా. 1819లో ఈస్టిండియా కంపెనీ తరఫున స్టాంఫర్డ్ రాఫెల్స్ ఇక్కడ దిగి, ఏ దేశపు ఓడ వచ్చినా సరుకు మీద పన్ను ఉండదన్నాడు. చుట్టుపక్కల డచ్చివాళ్ళ రేవుల్లో పన్నులతో విసిగిన వర్తకులు ఎగబడి వచ్చారు. పాఠ్యపుస్తకాల కథ సాధారణంగా ఇక్కడే ఆగుతుంది.

మరి పోలీసుల జీతాలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? రాఫెల్స్ తన ఉద్యోగం ఉన్న బెంకూలెన్‌కి వెళ్ళిపోయాడు. ఊరు నడపాల్సిన బాధ్యత విలియం ఫర్కార్ మీద పడింది. చేతిలో డబ్బుల్లేవు, ఓడల మీద పన్ను వెయ్యకూడదు. 1820లో ఆయన నల్లమందు, సారా, జూదం అమ్మకాలను గుత్తకిచ్చాడు. ఒకప్పుడు మన దగ్గర సారా పాటలు జరిగేవి చూడండి, అచ్చం అలాగే: ఎక్కువ పాడినవాడికి హక్కు, సర్కారుకు నెలనెలా డబ్బు, జనం దగ్గర ఎలా రాబట్టుకుంటాడన్నది పాడుకున్నవాడి ఇష్టం. రాఫెల్స్ తిరిగొచ్చి మండిపడ్డాడు, 1823లో జూదపు ఇళ్ళు మూయించాడు. నల్లమందు గుత్త మాత్రం ఉండిపోయింది. తర్వాత దాదాపు తొంభై ఏళ్ళు ఉంది.

ఆ నల్లమందు మన గంగా తీరంలో పండిందే. పాట్నా, బెనారస్ సరుకును కంపెనీ కలకత్తాలో వేలం వేసేది. సింగపూర్‌లో గుత్తేదారు దాన్ని వండి, పొగ పీల్చడానికి పనికొచ్చే ‘చందు’గా మార్చి చిల్లరగా అమ్మేవాడు. కొన్నది ఎక్కువగా చైనా నుంచి వచ్చిన కూలీలు. మిరియాల తోటల్లో, రేవులో, తర్వాత రిక్షాల దగ్గర ఒళ్ళు హూనం చేసుకున్నవాళ్ళకు రాత్రి నొప్పి మరిపించే మందు అదే. పందొమ్మిదో శతాబ్దంలో చాలా ఏళ్ళు సర్కారు ఆదాయంలో సగానికి అటూ ఇటూగా ఈ గుత్త నుంచే వచ్చింది. స్వేచ్ఛా వాణిజ్యాన్ని నిలబెట్టింది ఈ నల్లమందేనంటాడు చరిత్రకారుడు కార్ల్ ట్రోకీ. ఆ మాట నాకు సబబుగానే అనిపిస్తుంది. వర్తకుడి బట్టల మూటకు పన్ను లేకపోవడానికి కారణం, ఆ మూట మోసినవాడు రాత్రి పీల్చే పొగలో పన్ను ఉండటమే.

1850ల్లో కలకత్తా ప్రభుత్వం ఓడల మీద రేవు రుసుము వేద్దామని చూస్తే సింగపూర్ వర్తకులు నానా గోల చేశారు. ఇలాంటి కోపాలన్నీ కూడి, 1867లో ఊరు భారత ప్రభుత్వం చేతుల్లోంచి తప్పుకుని నేరుగా లండన్ కిందికి వెళ్ళింది. కూలీలకు అలాంటి పలుకుబడి ఎక్కడిది? 1906కి గానీ లిమ్ బూన్ కెంగ్ లాంటి డాక్టర్లు నల్లమందుకు వ్యతిరేకంగా సంఘం పెట్టలేదు. సర్కారు విచారణ కమిషన్ వేసి, 1910లో గుత్త రద్దు చేసి, ఆ వ్యాపారాన్ని తనే చేపట్టింది! దానికోసం పెట్టిన గవర్నమెంట్ మోనోపలీస్ డిపార్ట్‌మెంటే ఇవాళ్టి సింగపూర్ కస్టమ్స్‌కి మూలం. పాసిర్ పాంజాంగ్ దగ్గర సర్కారు చందు ఫ్యాక్టరీ నడిచిన గుట్టకి బుకిత్ చందు, అంటే నల్లమందు గుట్ట, అన్న పేరు ఇప్పటికీ ఉంది. అక్కడి మ్యూజియం ముఖ్యంగా 1942లో జపాన్ సైన్యంతో జరిగిన యుద్ధం గురించి చెబుతుంది.

నల్లమందు ఎప్పటికైనా పోయేదేనని తెలిశాక వేరే దారులు వెతకాలి కదా. మందు మీద సుంకం ఆ రోజుల్లోనే వచ్చింది, 1916లో పొగాకు మీద, 1934లో పెట్రోలు మీద. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక నల్లమందును పూర్తిగా నిషేధించారు. దాని పక్కన పుట్టిన పన్నులు మిగిలాయి. ఇవాళ సింగపూర్‌లో సుంకం పడే సరుకులు నాలుగే రకాలు: మందు, పొగాకు, పెట్రోలియం, వాహనాలు.

పెట్రోలుదో పిట్టకథ. మలేషియాలో చవక కాబట్టి జనం ఖాళీ ట్యాంకుతో వంతెన దాటి నింపుకొచ్చేవాళ్ళు. 1989లో సింగపూర్ ఒక రూలు పెట్టింది: దేశం వదిలేటప్పుడు కారు ట్యాంకు కనీసం సగం నిండి ఉండాలి. 1991లో దాన్ని ముప్పాతిక చేశారు. వచ్చేవాళ్ళ సంచులు వెతకడం ఎక్కడైనా ఉండేదే, వెళ్ళేవాళ్ళ ట్యాంకు చూడటం ఇక్కడి ప్రత్యేకత.

1994లో జీఎస్టీ వచ్చింది, ఇప్పుడది 9 శాతం. బయట కొన్న వస్తువుల మీద ప్రయాణికులకు కొంత మినహాయింపు ఉంది: 48 గంటలు, అంతకంటే ఎక్కువ బయట ఉంటే 500 సింగపూర్ డాలర్ల దాకా, లేకపోతే 100. టూరిస్టుకు వర్తిస్తుంది, సింగపూర్ పౌరుడికీ వర్తిస్తుంది. వర్క్ పర్మిట్, ఎంప్లాయ్‌మెంట్ పాస్, స్టూడెంట్ పాస్, డిపెండెంట్ పాస్ ఉన్నవాళ్ళకి మాత్రం లేదు. ఇక్కడే కాపురం ఉండేవాళ్ళకి మినహాయింపు ఎందుకు అనుకోవచ్చు, కానీ పౌరుడు ఉండేదీ ఇక్కడే కదా. సంక్రాంతికి ఊరెళ్ళి కొత్త చీరలతో, కొత్త ఫోనుతో తిరిగొచ్చే మన తెలుగు ఇంజనీరుకీ, అదే విమానంలో వెనక సీట్లో కూర్చున్న కన్‌స్ట్రక్షన్ కూలీకీ ఇందులో తేడా లేదు. ఇద్దరికీ ఉన్న మినహాయింపు సున్నా.